ముందే కోసిన పొట్టేలు

ఆ రోజుల్లో మాకు అన్నిటికన్నా బరువైన మాట ఒకటుండేది. నాలుగేళ్ళు మార్కాపురంలో నర్సింగు చదివాం. ఎముకల పేర్లు, మందుల పేర్లు, నోరు తిరగని జబ్బుల పేర్లు అన్నీ కంఠతా పట్టాం. అవేవీ బరువనిపించలేదు. పాసై బయటికొచ్చాక ప్రతి ఆస్పత్రిలోనూ ఎదురైన ‘ఎక్స్‌పీరియన్స్’ అనే ఒక్క మాటనే మోయలేకపోయాం. అది ఉంటే ఉద్యోగం ఇస్తారు. ఉద్యోగం చేస్తే అది వస్తుంది. రెండింటిలో ముందు ఏది రావాలో మా పాఠాల్లో లేదు. ఇప్పటి పిల్లల పరిస్థితీ అదేనని వింటుంటాను (వినడమేమిటి, నా బల్లకు అవతలి వైపు కూర్చున్నప్పుడు చూస్తూనే ఉంటాను). కాకపోతే వాళ్ళు ఫోన్లో దరఖాస్తు పెట్టి, ఇంట్లో కూర్చుని ‘లేదు’ అనిపించుకుంటారు. మేం బస్సులు మారి, ఎండలో నడిచి, సర్టిఫికెట్ల ఫైలు నెత్తిన పెట్టుకుని వెళ్ళి మరీ అనిపించుకున్నాం.

మేం అంటే నేనూ, కంభమూ. హాస్టల్లో ఎవరినీ సొంత పేరుతో పిలిచేవాళ్ళు కాదు. ఊరిపేరే పేరు. ఆ పిల్లది కంభం కాబట్టి ఆమె కంభం. మా పల్లె రాచర్ల పక్కన కాబట్టి నేను రాచర్ల. ఇద్దరం కలిసే తిరిగేవాళ్ళం. ఒకసారి పామూరులో ఒక నర్సు కావాలని తెలిసి తెల్లారే బయల్దేరి వెళ్తే, వరండాలో మా క్లాసు పిల్లలు పదిహేడు మంది కూర్చుని ఉన్నారు. అందరికీ ఎవరో ఒకరు ‘ఎవరికీ చెప్పొద్దు’ అని చెప్పిన కబురే అది. నాలుగు నెలల తర్వాత అందరం ఒకచోట కలిసిన సంతోషంలో మాటల్లో పడి, పేరు పిలిచినా వినిపించుకోలేదు. కనిగిరిలో ఇంకో డాక్టరు, మూడేళ్ళ అనుభవం లేనిదే తీసుకోనన్నాడు. కంభం మాత్రం తగ్గలేదు. “మీరు పొద్దున తీసుకోండి సార్, సాయంత్రానికి ఒక రోజు అనుభవం వస్తుంది. అట్ల మూడేళ్ళు చూడండి” అంది. ఆయన నవ్వలేదు. మేం మాత్రం బస్సులో కూర్చున్నాక నవ్వుకున్నాం. రాచర్ల రోడ్డు దగ్గరయ్యేకొద్దీ నా నవ్వు తగ్గుతూ వచ్చింది. ఎందుకంటే ఇంటికి చేరగానే నాయన ఏమీ అడగడు. అడగకుండా నా ముఖం చూస్తాడు. అంతకంటే అడిగితేనే నయం.

మా నాయనకు గొర్రెలుండేవి. గొర్రెలు లేని కాలంలో కూలికి పోయేవాడు. చదువు రెండో తరగతితో ఆగింది గానీ, గుడిలో విన్నమాట ఏదీ మరిచేవాడు కాదు. (మా పల్లెలో చర్చిని గుడి అనే అంటాం.) విన్నదాన్ని విన్నట్టే చేసేవాడు. అందులోనే చిక్కంతా వచ్చింది. ఒక ఆదివారం పాస్టరు అయ్యగారు ప్రార్థన గురించి చెబుతూ, అడిగింది దొరికాక కృతజ్ఞత చెప్పడం ఎవరైనా చేస్తారనీ, దొరకకముందే దొరికిందని నమ్మి కృతజ్ఞత చెప్పడమే విశ్వాసమనీ అన్నాడు. నిజానికి ఆ రోజు నేను సగం నిద్రలో ఉన్నాను. చాలామంది పరిస్థితి అదే. నాయన ఒక్కడు మాత్రం నిటారుగా కూర్చుని విన్నాడు.

ఆ మరుసటి ఆదివారం, సాక్ష్యాలు చెప్పే వేళకు నాయన లేచాడు. సాక్ష్యమంటే దేవుడు తమకు చేసిన మేలు గురించి లేచి నిలబడి అందరి ముందూ చెప్పడం. ఆయన ఎప్పుడూ లేచే మనిషి కాదు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని, “మా పాపకు గిద్దలూరులో బస్టాండు ఎనక ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. దేవునికి స్తోత్రం. మజ్జాన్నం అందరూ మా ఇంటికాడ ప్రేమవిందుకు రావాల” అని చెప్పి కూర్చున్నాడు. గుడంతా స్తోత్రం అంది. అలవాటు కొద్దీ నేనూ అన్నాను. అన్న తర్వాత అర్థమైంది, ఆ పాప నేనేనని. అమ్మ వైపు చూస్తే, ఆమె నా వైపు చూస్తోంది. నేను తనకు చెప్పకుండా నాయనకు చెప్పానని ఆమె కోపం.

ఇంటికొచ్చేసరికి ఇంటి వెనక వేపచెట్టుకు మా పెద్ద పొట్టేలు వేలాడుతోంది. తెల్లవారుజామునే కోయించాడట. కొమ్ములు మెలి తిరిగిన పొట్టేలు, మందకంతటికీ అదే అందం. నేను నాయనను గొర్రెల దొడ్డి పక్కకు తీసుకెళ్ళి, ఉద్యోగం ఎప్పుడొచ్చిందని అడిగాను.

“నీకు ఇంగా రాలేదులే,” అన్నాడు నాయన, నేనేదో కంగారు పడుతున్నానని నన్ను సముదాయిస్తూ. “వచ్చినట్టు చెప్పినా. అట్లనే చెప్పాలని అయ్యగారు చెప్పినాడు గదా.”

“మనసులో అనుకోమన్నాడు నాయనా. లేచి చెప్పమన్లేదు.”

“మనసులో అనుకుంటే పొట్టేలు ఎట్ల కోస్తాం?”

గిద్దలూరు ఆస్పత్రి పేరు ఎందుకు చెప్పావంటే, ఏ ఆస్పత్రి అని ఎవరైనా అడుగుతారని ముందే ఆలోచించాననీ, ఎప్పుడో కాల్లో ముల్లు దిగినప్పుడు తాను చూపించుకున్నది అక్కడే కాబట్టి అదైతే తెలిసిన చోటు అనీ అన్నాడు. ఈలోగా జనం రావడం మొదలైంది. అయ్యగారు నా తలమీద చేయి పెట్టి, నా కొత్త ఉద్యోగం కోసం చాలాసేపు ప్రార్థించాడు. డెబ్బై ఎనభై మంది కడుపునిండా తిన్నారు. అమ్మ వడ్డిస్తూ వడ్డిస్తూ, ముక్కలు వేసే ప్రతిసారీ నా వైపు ఒక చూపు కూడా వేసేది. వాళ్ళు తిన్న ప్రతి ముక్కకూ జవాబు చెప్పుకోవాల్సింది నేనేననిపించింది. నా సంగతి ఎట్లా ఉన్నా, రేపు నిజం తెలిస్తే గుడిలో నిలబడి అబద్ధం చెప్పిన మనిషి అని నాయనను అంటారు. ఆయనకు పొలం లేదు, చదువు లేదు. ఊళ్ళో ఆయనకున్న ఆస్తల్లా మాట ఒక్కటే.

మరుసటి రోజు పొద్దున్నే మా ఇంటిముందు ఆటో ఆగింది. ఆటో నడిపే మామ (నాకు ఏ వరసా కాదు, ఊరందరికీ మామ) ముందు సీటు తుడిచి, మొదటి రోజు ఆలస్యం కాకూడదని హారన్ కొడుతున్నాడు. పక్కిళ్ళ వాళ్ళు గడపల్లో నిలబడ్డారు. అమ్మ అప్పటికి నాయనతో మాట్లాడడం మానేసింది గానీ, నా తెల్ల డ్రెస్సు ఇస్త్రీ చేయించి, క్యారియర్ కట్టి చేతికిచ్చింది. వెళ్ళకుండా ఉండే దారి ఏదీ కనిపించలేదు. మామ నన్ను సరిగ్గా ఆస్పత్రి గేటు ముందు దింపి, నేను లోపలికి పోయేదాకా కదలకుండా నిలబడ్డాడు. లోపలికి పోయి, మంచినీళ్ళ కుళాయి దగ్గర నీళ్ళు తాగి, ఆటో వెళ్ళిన చప్పుడు విన్నాక బయటికి వచ్చాను.

అట్లా నా ఉద్యోగ జీవితం మొదలైంది. గిద్దలూరు గ్రంథాలయం పొద్దున ఎనిమిదికి తెరుస్తారు, పదకొండుకు మూస్తారు, మళ్ళీ నాలుగుకు తెరుస్తారు. ఆ వేళలే నా డ్యూటీ వేళలు. తెల్ల డ్రెస్సులో రోజూ వచ్చి నవలలు చదివే నర్సును చూసి అక్కడి పెద్దాయన ఏమనుకున్నాడో తెలియదు. రెండోరోజు నుంచి తనకు రాత్రిళ్ళు నిద్ర పట్టదని చెప్పి సలహా అడగడం మొదలుపెట్టాడు. పదకొండు నుంచి నాలుగు దాకా బస్టాండులో కూర్చునేదాన్ని. క్యారియర్ అక్కడే తినేదాన్ని. నాకు పుస్తకాల పిచ్చి పట్టింది ఆ రోజుల్లోనే. పనిలేక పట్టిన పిచ్చి కాబట్టి, పని దొరికినా పోలేదు. రోజూ ఆస్పత్రి ముందు నుంచే నడిచేదాన్ని. ఒకసారి ధైర్యం చేసి కౌంటర్లో ఉన్న అమ్మాయికి సర్టిఫికెట్లు చూపిస్తే, ఆమె తల ఎత్తకుండానే, “ఎక్స్‌పీరియన్స్ ఉందా అక్కా?” అంది. లేదన్నాను. సాయంత్రం ఆటోలో మామ, డ్యూటీ ఎట్లుందని అడిగాడు. బాగుందన్నాను. అది అబద్ధం కాదు. ఆ రోజు చదివిన నవల నిజంగానే బాగుంది.

ఐదోరోజు గ్రంథాలయంలో కూర్చుని ఉండగా మామ ఆటో కిటికీ ముందు నుంచి పోయింది. వెనక సీట్లో మా ఊరి చుట్టల అవ్వ కూర్చుని ఉంది. అవ్వకు మోకాళ్ళ నొప్పులు. మా వైపు ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగిన వాళ్ళందరికీ ఆ వయసుకు కాళ్ళు అట్లాగే అవుతాయి. చుట్ట మానమని చెప్పిన డాక్టరు దగ్గరికి రెండోసారి పోకపోవడం ఆమె పద్ధతి. అట్లాంటి మనిషి ఆస్పత్రి వైపు పోతోందంటే, నన్ను నమ్ముకునే పోతోంది. పుస్తకం బల్లమీదే వదిలేసి పరిగెత్తాను. నేను చేరేసరికి అవ్వ అప్పటికే కౌంటర్ ముందు బెంచీమీద కూర్చుని ఉంది. నన్ను చూసి, “వచ్చినావా పాపా, నీకోసరమే కూచోనుండా,” అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకా ఎవరినీ ఏమీ అడిగినట్టు లేదు.

అవ్వ చేయి పట్టుకుని చీటీ రాయించాను. డాక్టరు గది ముందు వరసలో నిలబడ్డాను. లోపల అవ్వ చెప్పింది డాక్టరుకూ, డాక్టరు చెప్పింది అవ్వకూ అర్థమయ్యేట్టు చెప్పాను. బయటికి వచ్చేసరికి, ఎక్స్‌రే గది ఎక్కడని ఒకాయన అడిగాడు. చూపించాను. ఇంకొకామె చంకలో బిడ్డను నా చేతిలో పెట్టి మందులకు వెళ్ళింది. బిడ్డ ఒళ్ళు కాలుతోంది. థర్మామీటరు అడిగి తెచ్చి చూసి, తడిగుడ్డ వేసి, డాక్టరుకు చెప్పి వరసలో ముందుకు పంపించాను. తెల్ల డ్రెస్సు వేసుకుని గట్టిగా నడిచే మనిషిని ఆస్పత్రిలో ఎవరూ ఆపరని ఆ రోజు తెలిసింది.

మరుసటి రోజు మా ఊరి నుంచి ఇద్దరు వచ్చారు. ఆ మరుసటి రోజు ముగ్గురు. అవ్వ ఊళ్ళో ఏం చెప్పిందోగానీ, మా పల్లెకు ఒక్కసారిగా అనారోగ్యం వచ్చిపడింది. మామ అత్తగారికి తల తిరుగుడు. బర్రెల పెద్దయ్యకు ఎక్కిళ్ళు. (ఆ ఎక్కిళ్ళు దారిలో ఆటో గుంతలో పడ్డప్పుడే ఆగిపోయాయట. అయినా ఇంతదూరం వచ్చి చూపించుకోకుండా పోతే బాగుండదని చూపించుకున్నాడు.) వీళ్ళలో ఎవరు ఎప్పుడు వచ్చి కౌంటర్లో నన్ను అడుగుతారోనన్న భయంతో నేను పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఆస్పత్రి వదలడం మానేశాను. ఉన్నదాన్ని ఊరికే ఉండలేక పని చేసేదాన్ని. బీపీ చూసేదాన్ని, పట్టికలు నింపేదాన్ని, పడుకున్న వాళ్ళను పక్కకు తిప్పేదాన్ని, పక్క గుడ్డలు మార్చేదాన్ని. సూది మాత్రం ముట్టుకోలేదు, మందు చేత్తో ఇవ్వలేదు. అడిగితే, ‘ఆ సిస్టరొచ్చి ఇస్తుంది’ అని తప్పుకునేదాన్ని. కౌంటర్ పిల్ల నన్ను వార్డులో కొత్తగా చేరిన మనిషి అనుకుంది. వార్డువాళ్ళు ఆపరేషన్ గది మనిషి అనుకున్నారు. ఆపరేషన్ గదివాళ్ళు నా గురించి ఏమీ అనుకోలేదు, వాళ్ళకు తీరికలేదు.

అక్కడ నర్సులందరి మీద ఒక పెద్ద సిస్టరుండేది. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతుండేది. తిట్టాలనుకున్నప్పుడు మాత్రమే దాన్ని కళ్ళకు పెట్టుకునేది. నేను ఆస్పత్రిలో తిరిగిన పదహారు రోజుల్లో నా వైపు చూసినప్పుడల్లా ఆమె కళ్ళజోడు మెడలోనే ఉండేసరికి, నన్ను ఆమె ఇంకా చూడలేదని ధైర్యంగా ఉండేదాన్ని. పదహారోరోజు సాయంత్రం ఆమె నన్ను తన గదికి పిలిచింది. బల్లమీద హాజరు పుస్తకం తెరిచి ఉంది. కళ్ళజోడు కళ్ళకే ఉంది.

“రెండు వారాల పైనుంచి చూస్తాండా. నీ పేరు దీంట్లో లేదు. ఆ క్లర్కుకు ఎప్పుడూ ఇదే మతిమరుపు,” అంది. పెన్ను నా వైపు తోసింది. “చేరిన తేదీ వేసి సంతకం పెట్టు. మిగతాది నేను చూసుకుంటా.”

నేను పెన్ను తీసుకున్నాను. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గులేదు. ఆ గళ్ళల్లో ఒక్క సంతకం పెడితే, నాయన మాట నిజమైపోతుంది. పొట్టేలు తిన్న డెబ్బై ఎనభై మంది ముందు ఆయన తల ఎత్తుకుని తిరగొచ్చు. కానీ నాయన ఆ మాట అన్నది నమ్మి. నేను ఈ సంతకం పెడితే అది తెలిసి. ఆయన చెప్పింది దేవుడికి, దాని సంగతి దేవుడే చూసుకుంటాడు. ఈ పుస్తకం సంగతి నేనే చూసుకోవాలి. పెన్ను కింద పెట్టి, మొదటినుంచి చివరిదాకా చెప్పాను. పొట్టేలుతో సహా.

పెద్ద సిస్టరు హాజరు పుస్తకం మూసింది. తర్వాత, నేను చేసినదానికి పోలీసులకు ఫోన్ చేయాలంది. చేయనంది. రేపటి నుంచి గేటు లోపల కనిపించొద్దంది. నేను తల ఊపి తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి పిలిచింది.

“తొమ్మిదో బెడ్డు ముసలాయన బీపీ ఎంత?”

“నూట అరవై, తొంభై సిస్టర్. పొద్దునకంటే తగ్గింది.”

ఆమె రాసుకుంది. నేను వచ్చేశాను.

ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. గొర్రెపిల్లకు పాలు తాపుతున్నాడు. ఇంకొన్నాళ్ళు ఇట్లాగే పోయి గ్రంథాలయంలో కూర్చుంటాను, ఈలోగా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది అన్నాను. వద్దన్నాడు. “నేను లేచి చెప్పినా గదా. నేనే లేచి చెప్తా,” అన్నాడు. అమ్మ ఆ రోజు నాయనతో మాట్లాడింది. మూడు వారాలుగా దాచుకున్నవన్నీ మాట్లాడింది. ఆయన ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు.

ఆదివారం నాయన లేచినప్పుడు నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను. ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు, పోయినసారి లాగే. “మా పాపకు ఉద్యోగం వచ్చిందని నేను చెప్పినా. అది ఇంగా రాలేదు. తప్పు నాది, పాపది కాదు. మీరందరూ మమ్మల్ని క్షమించాల,” అన్నాడు. ఇంకేదో బాకీ ఉన్నట్టు, “పొట్టేలు మటుకు మాదే,” అన్నాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి చుట్టల అవ్వ గొంతు వచ్చింది.

“కూచో రా నాయనా. ఎవురికి తెల్దు?”

అవ్వకు మొదటి రోజే తెలుసట. నేను పరిగెత్తుకుంటూ రాకముందే కౌంటర్ పిల్లను అడిగిందట, రాచర్లకాడి పాప ఏదని. అట్లాంటివాళ్ళు ఇక్కడ లేరని ఆ పిల్ల చెప్పింది. అవ్వ మెల్లగా వచ్చి బెంచీమీద కూర్చుంది. అంతలో నేను చెమటలు కక్కుతూ వచ్చాను. ఆ సాయంత్రమే ఇంటింటికీ తిరిగి చెప్పింది, మన పాపకు అక్కడ ఉద్యోగం లేదు, మనం పోతాంటే ఎట్లనో అట్ల ఒకటి పుడుతుంది, రోజుకు ఇద్దరు తక్కువ కాకుండా పోవాలని. ఎవరెవరు ఏ రోజు పోవాలో వరస కట్టింది కూడా ఆమేనట. “పొట్టేలు తింటిమి గదా, ఊరికేనే పోతుందా,” అంది. ఆటో మామ తల వంచుకుని కూర్చున్నాడు. సంగతి తెలిసీ పదహారు రోజులు నన్ను గేటు ముందు దింపి, డ్యూటీ ఎట్లుందని అడిగిన మనిషి. మగవాళ్ళ వెనక వరసలో నుంచి బర్రెల పెద్దయ్య లేచి, “నా ఎక్కిళ్ళు మాత్రం నిజమే అయ్యగారూ,” అన్నాడు. ముందు అయ్యగారే నవ్వాడు. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేదు. నాయన నవ్వలేదు. తలపాగా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. (ఇకమీదట ఉద్యోగాల సాక్ష్యాలు ఆర్డరు కాగితం చేతికొచ్చాకే చెప్పాలని అయ్యగారు ఆ రోజు ఒక నియమం పెట్టాడు. అది ఇప్పటికీ ఉంది.)

బుధవారం మామ ఆటో వచ్చి ఆగింది. పెద్ద సిస్టరు రమ్మందట. తిట్లు మిగిలిపోయి ఉంటాయనుకుని, తెల్ల డ్రెస్సు వేసుకోకుండా మామూలు చీరలో వెళ్ళాను. ఆమె నన్ను సరాసరి పెద్ద డాక్టరు గదిలోకి తీసుకెళ్ళింది. ఒక నర్సు పెళ్ళి చేసుకుని మానేసిందట. డాక్టరు నా సర్టిఫికెట్లు తిరగేసి, అందరూ అడిగే మాటే అడిగాడు.

“ఎక్స్‌పీరియన్స్ ఉందా?”

నేను నోరు తెరిచేలోపు వెనక నిలబడిన పెద్ద సిస్టరు అందుకుంది. “పదహారు రోజులు ఉంది సార్. మన దగ్గరే.”

“మన దగ్గరా? నాకు తెలియదే.”

“నాకూ తెలియదు సార్,” అంది ఆమె. కళ్ళజోడు మెడలోనే ఉంది.

ఆ సాయంత్రం ఆర్డరు కాగితంతో ఇంటికి వచ్చాను. నాయన గొర్రెలను దొడ్డిలోకి తోలుతున్నాడు. చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. తాను చెప్పి నెల కాలేదా అన్నాడు, ఆలస్యమైందన్నట్టు. ఇప్పుడు మళ్ళీ ప్రేమవిందు చేయాలా అని అమ్మ అడిగితే మాత్రం గట్టిగా తల అడ్డంగా ఊపాడు. “ఒక ఉద్యోగానికి ఒక పొట్టేలే,” అన్నాడు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. అవ్వ పోయింది, చివరిదాకా చుట్ట మానలేదు. కంభం ఇప్పుడు కర్నూల్లో ఒక నర్సింగు కాలేజీలో పాఠాలు చెబుతోంది. పాసైన పిల్లలకు ఏం చెప్పాలో తెలియక, వీడుకోలు రోజు మాత్రం సెలవు పెడుతుంది. పోయిన ఏడాది నాయన జబ్బు పడ్డాడు. పని చేసినన్నాళ్ళూ జబ్బులు చూశాను కాబట్టి, రిపోర్టు చూడగానే నాకు తెలిసిపోయింది. ఆయన మాత్రం ఒక ఆదివారం నా చేయి పట్టుకుని గుడిలో లేచి నిలబడి, నాకు నయమైంది, దేవునికి స్తోత్రం అన్నాడు. ఈసారి ఎవరూ పొరబడలేదు. అందరికీ సంగతి తెలుసు. అయినా అందరూ స్తోత్రం అన్నారు, నేను కూడా. ఆయన ముందుగా చెప్పిన మాటల్లో నిజం కానిది అదొక్కటే. ఆర్డరు కాగితాల నియమం ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

ఇప్పుడు పెద్ద సిస్టరు కుర్చీలో నేనున్నాను. కళ్ళజోడుకు తాడు కూడా కట్టుకున్నాను. మొన్న ఒక పిల్ల వచ్చింది, నర్సింగు పాసై ఐదు నెలలయిందట. చెప్పులకు దుమ్ము, చేతిలో ఫైలు. ఫారంలో వివరాలన్నీ రాసుకుంటూ వచ్చి, ఎక్స్‌పీరియన్స్ అన్న గడి దగ్గర ఆగాను. నేను అడగకముందే ఆ పిల్ల తల దించుకుంది. అంతలో కిటికీ బయట నుంచి గట్టిగా ఒక గొంతు వినిపించింది. మెట్ల మీద కూర్చున్న వాళ్ళ నాయన ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. “ఆఁ, వచ్చింది వచ్చింది. మా పాపకు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడే.”

పిల్ల ముఖం ఎర్రబడిపోయింది. లేచి, సారీ సిస్టర్, మా నాయన ఎప్పుడూ ఇంతే, అని కిటికీ వైపు వెళ్ళబోయింది. ఆపొద్దన్నాను. కళ్ళజోడు తీసి మెడలోకి వదిలాను. ఆ గడిలో ‘పదహారు రోజులు’ అని రాయబోయి, నాలో నేనే నవ్వుకుని, గడి ఖాళీగా వదిలేశాను. రేపు తొమ్మిదికి రమ్మని చెప్పాను. పిల్ల తలుపు దాకా వెళ్ళాక వెనక్కి పిలిచి, ఇంట్లో గొర్రెలున్నాయా అని అడిగాను. లేవు సిస్టర్, ఎందుకు అంది. ఏం లేదులే, వెళ్ళిరా అన్నాను.